అక్క ఎక్కనియ్యని కప్పు

మా అక్క నర్సమ్మ తన ఇంటి కప్పు నన్ను ఎక్కనియ్యలేదు.

ఈ మాట ముందే రాసి పెట్టకపోతే నాకు కలం కదిలేట్టు లేదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా రోడ్డుకు ఆ పక్కా ఈ పక్కా ఎన్ని ఇండ్లు, ఎన్ని కోళ్లఫారాలు, ఎన్ని గోదాములు కప్పానో నాకే తెలియదు. ఊరూ పేరూ తెలియనివాళ్లు నా రేకుల కింద పెండ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, కొట్లాడుకున్నారు, మళ్లీ కలిసి చాయ్ తాగారు. తోడబుట్టిన అక్క మాత్రం శామీర్‌పేటలో తన పాత పెంకుల కప్పు తీసి సిమెంటు రేకులు వేయించుకున్నప్పుడు నాకు కబురు చేయలేదు. దూలపల్లి నుంచి మల్లేశాన్ని పిలిచింది.

మల్లేశం ఎవరో చెప్తాను. నడుముకు డ్రిల్లు మిషను, చెవికి ఫోను. బోల్టు బిగించేటప్పుడు కూడా ఫోన్‌లో ఎవరితోనో "ఆ, వస్తున్న, దారిల్నే ఉన్న" అంటుంటాడు. అలాంటివాడి చేతికి పోయింది మా అక్క నెత్తి మీది కప్పు. ఎందుకని ప్రతి ఏడూ అడిగాను. జవాబు మొన్న చైత్రంలో గాని రాలేదు.

ఆ జవాబు చెప్పేలోపు, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ల కోసం పని సంగతి రాస్తాను. నేను బడికి పోలేదు. సిమెంటు సంచుల మీది అక్షరాలు, బస్సుల మీది ఊర్ల పేర్లు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. కాబట్టి ఇందులో పుస్తకాల మాటలు వెతకొద్దు.

రాయి కన్నా ముందు

మన దగ్గర రాళ్ల వాన, అదే వడగండ్ల వాన, హోళీ నాటి కామునిపున్నమ దాటాక ఎప్పుడైనా రావచ్చు. పొద్దంతా మాడు పగిలే ఎండ. మధ్యాహ్నం తర్వాత ఒక్క ఆకు కదలదు. అప్పుడు పడమర నుంచి మబ్బు లేస్తుంది, కట్టెల పొయ్యి మీద మాడిన గిన్నె అడుగు రంగులో. ముందు దుమ్ము, తర్వాత గాలి, ఆ తర్వాత పైన ఎవరో కంకర లారీ ఎత్తి పోసినట్టు చప్పుడు. కొంచెం సేపే. ఆ కొంచెం సేపట్లో మేస్త్రీ పనితనమంతా బయటపడుతుంది.

సిమెంటు రేకు రాయి దెబ్బకే పగిలిందని అందరూ అనుకుంటారు. రాయి కొట్టేది ఆఖరి దెబ్బ. అంతకుముందు దెబ్బలన్నీ మనవే. బోల్టును కసి తీరా బిగిస్తాం. ఎండకు రేకు సాగాలని చూస్తుంది. సాగే జాగా లేక బోల్టు దగ్గర వెంట్రుక వాసి నెర్రె ఇస్తుంది. అది మన కంటికి ఆనదు, రాయికి ఆనుతుంది. అందుకే బొక్క బోల్టు కన్నా కొంచెం పెద్దగా ఉండాలి. రేకు ఉబ్బు మీద కొట్టాలి గాని నీళ్లు పారే గుంటలో కొట్టొద్దు. తారు వాషరు కూర్చునేదాకా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పాలి. డ్రిల్లు మిషనుకు ఈ పావు చుట్టు తెలియదు. చేతికి తెలుస్తుంది.

రెండోది, కప్పు మీది సామాను. గాలికి రేకులు లేవకుండా మన ఊర్లల్లో బండరాళ్లు ఎక్కిస్తారు, పాత టైర్లు ఎక్కిస్తారు. ఒక ఇంటి మీద కుట్టు మిషను చూశాను.

"ఇదేందమ్మా?"

"గా మిషను నడుస్తలేదు మేస్త్రీ. బరువుకన్న పనికొస్తదని పెట్టిన."

బరువు పనికొస్తుంది, రేకును విరగ్గొట్టడానికి. రాళ్ల వానకు ముందు చేయాల్సిన మొదటి పని నిచ్చెన వేసి, పైన ఉన్నవన్నీ కిందికి దించడం. ఆ తర్వాతే బోల్టులు, ఆ తర్వాతే నెర్రెలు. ఇంటాయన "ఇన్నేండ్ల సంది ఉన్నయ్, ఏం కాలే" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మంచం కప్పు కింద ఏ మూల ఉందో చూసి, ఇంకో మూలకు జరపమనండి. అప్పుడు వింటాడు.

రేకు మీద నడిచేటప్పుడు బోల్టుల వరస మీదే నడవాలి, దాని కింద బరువు మోసే పట్టీ ఉంటుంది. పాత రేకైతే చెక్క పలక వేసుకుని నడవాలి. బొక్క కొట్టేముందు నీళ్లు చల్లండి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండి. మేం ఆ దుమ్ము మింగి అదే మొగతనం అనుకున్నాం. మొగతనం ఎటు పోయిందో గాని దగ్గు మాత్రం నా దగ్గరే ఉంది.

యాదగిరి మేస్త్రీ లైను

నాకు పని నేర్పింది యాదగిరి మేస్త్రీ. చేయి మంచిది, నోరు చెడ్డది. ఆయనకు ఒకటే పిచ్చి. రోడ్డు మీద నిలబడి చూస్తే కప్పు గీత గీసినట్టుండాలి, జోడు కనబడొద్దు. జోడు అంటే ఒక రేకు మీదికి ఇంకో రేకు ఎక్కే చోటు. ఆ జోడు నోరు గాలికి ఎదురుగా ఉంటే కప్పు పోయినట్టే. మా మేస్త్రీకి గాలితో పని లేదు, రోడ్డుతోనే పని. రోడ్డు తూర్పున ఉంటే నోరు పడమటికి తిప్పేవాడు, వచ్చేపోయేవాళ్లకు నున్నగా కనబడాలని.

మేడ్చల్ అవతల ఒక పటేలు ద్రాక్షతోటలో గంపలు పెట్టుకునే కొట్టం కప్పాం. అప్పట్లో ఆ దిక్కంతా ద్రాక్షతోటలే, ఇప్పుడు ప్లాట్ల రాళ్లు. కప్పు చూసి పటేలు మస్తు మెచ్చుకున్నాడు. కొన్నాళ్లకే గాలి దుమారం లేచింది. తెల్లారి పోయేసరికి కొట్టానికి గోడలున్నాయి, పైన ఆకాశం ఉంది.

"ఏందిరా యాదగిరీ, నా రేకులేవి?" అన్నాడు పటేలు. మీసం వణుకుతోంది.

మేస్త్రీ పక్క చేను దిక్కు చెయ్యి చాపాడు. "యాడికి పోలే పటేలా, గీడ్నే ఉన్నయ్. లైను చూడుండ్రి, పడ్డకాడ గూడ వంకర పోలే."

పటేలు తువ్వాలతో మొహం తుడుచుకుని చాలాసేపు ఆ తువ్వాల తీయలేదు. భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడనుకున్నాం, నవ్వుతున్నాడు. ఆ నవ్వే మమ్మల్ని కాపాడింది.

మళ్లీ కప్పేటప్పుడు మేస్త్రీ నిచ్చెన ఎక్కేముందు, తోటలో గుత్తులు కోసే ముసలామెను పిలిచాడు. "అవ్వా, దుమారం లేస్తే నీ కొంగు ఎటు ఎగురుతది?" ఆమె తూర్పు చూపించింది. జోడు నోరు తూర్పుకు తిప్పాడు. రోడ్డు మీద నుంచి చూస్తే మెట్లు మెట్లుగా కనబడింది. ఆయన ఆ పక్కకు చూడకుండా దిగి వచ్చాడు. ఆ కప్పు మాత్రం తోట అమ్ముడుపోయేదాకా ఉంది.

అప్పటి నుంచి నేను ఏ ఇంటికి పోయినా ముందు ఆడవాళ్లను అడుగుతాను, గాలి లేస్తే ఏ కిటికీ ముందు మూస్తారమ్మా అని. మగవాళ్లను అడిగితే వాస్తు చెప్తారు.

కోళ్లు చచ్చింది చప్పుడుకు

శామీర్‌పేట దిక్కు ఒక కోళ్లఫారం ఆసామి వెలుతురు కోసమని కప్పు నడుమ ప్లాస్టిక్ రేకులు పెట్టించాడు. వద్దన్నాను. "నువ్వు రేకులు కప్పుడు చూడు, కోళ్ల సంగతి నేను చూస్త" అన్నాడు. రాళ్ల వానకు ప్లాస్టిక్ రేకులు జల్లెడయ్యాయి, అది నేను అనుకున్నదే. నేను అనుకోనిది వేరే జరిగింది. రాళ్లు తగిలి చచ్చిన కోడి ఒక్కటీ లేదు. చప్పుడుకు బెదిరి అన్నీ ఒకే మూలకు ఉరికి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఊపిరాడక చచ్చాయి.

అది చూశాక కోళ్లఫారాలకు ఒక పద్ధతి పట్టుకున్నాను. ఎండాకాలం మొదట్లో కప్పు మీద వరిగడ్డి పలచగా పరిచి, పైన చేపల వల కట్టడం. శామీర్‌పేట చెరువు దగ్గర చేపలు పట్టేవాళ్లు చినిగిన వలలు పక్కన పడేస్తారు, అడిగితే ఇస్తారు. గడ్డి ఎండ ఆపుతుంది, రాయి దెబ్బ మెత్తబరుస్తుంది, చప్పుడు మింగుతుంది. వల గడ్డిని గాలికి పోనియ్యదు. మొదటిసారి ఆ వల కప్పిన షెడ్డు చూసి దారిన పోయేవాళ్లు "మేస్త్రీ, పైన చేపలేమన్న పడ్డయా?" అని అడిగారు. అడగనియ్యండి.

రావు గారి ఉప్పు

బహదూర్‌పల్లిలో కాలనీలు లేచాక స్లాబు ఇండ్ల పని కూడా వచ్చింది. కారు మీదికి రేకు, మెట్ల మీదికి రేకు, పైన సోలార్ వేడినీళ్ల గాజు గొట్టాలకు రక్షణ. అక్కడ రావు గారని ఒకాయన, భీమవరం దిక్కు మనిషి, ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఒకరోజు జల్దీ రమ్మని ఫోన్ చేశాడు. పోయి చూస్తే డాబా మీద గళ్లుప్పు బస్తా, పక్కన పాత సాక్సుల కుప్ప.

"ఇదేంది సారూ?"

"ఉప్పండీ. సాక్సుల్లో పోసి అంచు పొడుగునా పేర్చాలండి. మంచు గడ్డకట్టకుండా కరిగిపోద్దంట. చలి దేశాల్లో వాళ్లు ఇలాగే చేస్తున్నారు, ఇదిగో వీడియో చూడండి."

"మన రాళ్లు పడ్డ గడియకే కరుగుతయ్ సారూ. ఉప్పేసి తొందర పెట్టుడెందుకు?"

మెట్ల దగ్గర నుంచి ఆయన భార్య అందుకుంది. "నేనూ అదే అన్నానండి మేస్త్రీ గారూ. కనీసం ఆవకాయకన్నా మిగల్చమన్నాను."

ఉప్పు కిందికి దింపించాను. గాజు గొట్టాల మీద గోనెసంచులు మడతలు వేసి తాళ్లతో కట్టాను, డాబా మీది వాన నీళ్లు కిందికి పోయే గొట్టం నోటికి జాలీ పెట్టాను. అక్కడితో పని అయిపోయిందనుకున్నాను. రావు గారు ఊరికే కూర్చునే మనిషి కాదు. రాళ్ల వాన పడుతున్నంతసేపూ మెట్ల గది కిటికీలోంచి డాబానే చూస్తూ ఉన్నాడట. రాళ్లన్నీ కొట్టుకొచ్చి జాలీ ముందు కుప్పపడి నోరు మూసేశాయి, డాబా చెరువైంది. మరుసటి వానకు ఆయన కూరగాయల ప్లాస్టిక్ బుట్ట గొట్టం మీద బోర్లించి, పైన ఇటుక పెట్టాడు. బుట్ట చుట్టూ రాళ్లు పేరుకున్నా పక్క బెజ్జాల్లోంచి నీళ్లు పోయాయి.

ఇప్పుడు నేను ఏ స్లాబు ఇంటికి పోయినా ముందు పాత బుట్ట ఉందా అని అడుగుతాను. ఉప్పు సంగతిలో నాది గెలుపు, బుట్ట సంగతిలో ఆయనది. ఓడిన సంగతి ఇద్దరం పైకి అనలేదు.

అక్క ఇంట్లో

ఇన్ని కప్పుల మంచీచెడ్డా తెలిసినవాణ్ణి, మా అక్క ఇంట్లో మాత్రం చుట్టాన్ని. ప్రతి ఏడు కామునిపున్నమ అయిన వారం శామీర్‌పేట పోతాను. చెప్పులు విడవకముందే పైకి చూస్తాను.

"వచ్చినవా తమ్మీ. కూసో, చాయ్ పెడ్త."

"చాయ్ తర్వాత. నిచ్చెన పెట్టు. గా మూల బోల్టు చూడు, పీక పిసికిండు నీ మల్లేశం."

"పిసికితే పిసికిండు. కూసో."

"ఒక్కసారి ఎక్కి చూసి దిగుత."

"వద్దు."

"ఎందుకొద్దు?"

ఏడాదికో సాకు. ఒకసారి, నీ నిచ్చెన మా గేటు పట్టదంది. ఒకసారి, పైన పిల్లి పిల్లల్ని పెట్టింది, బెదురుతాయంది. ఒకసారి, నీ మోకాలు బాగలేదంది. నా మోకాలు నన్నేమీ అనలేదు, ఆమెకే చెప్పుకున్నట్టుంది. ఇంకో ఏడు "మల్లేశం తక్కువ మాట్లాడతడు" అంది. అది నన్ను మస్తు కాల్చింది. ఫోన్ వదలనివాడు తక్కువ మాట్లాడేవాడట.

ఇగ నేను నులకమంచం మీద కూర్చుని ఆ కప్పులోని తప్పులన్నీ ఏకరువు పెట్టేవాణ్ణి. జోడు నోరు పడమటికుందని, బొక్కలు గుంటలో కొట్టాడని, బండలెందుకు పెట్టనిచ్చావని. ఆమె చాటలో బియ్యం ఏరుతూ "ఊ" అనేది. నేను ఆగితే "ఇంకేం తప్పులున్నయ్?" అనేది. వెక్కిరింపు అనుకుని ఇంకా రేగేవాణ్ణి.

నాది పంతమే అనుకునేరు. పంతం ఉంది, కాదనను. కానీ ఆ నులకమంచం సరిగ్గా రెండు రేకులు కలిసే చోటు కింద ఉంటుంది. బావ పోయాడు. కొడుకు కండ్లకోయలో కాలేజీ బస్సు నడుపుతాడు, దీపాలు పెట్టాక గాని ఇల్లు చేరడు. రాళ్ల వాన వచ్చే పూట ఆ కప్పు కింద మా అక్క ఒక్కతే. ఆ కప్పు ఆమె మీద పడితే, ఊర్లో నేను వేసినవన్నీ నిలబడి నాకేం లాభం?

మొన్నటి వాన

మొన్న చైత్రంలో పొద్దు వాలకముందే మబ్బు లేచింది. మేడ్చల్‌లో మా వాడంతా తెల్లబడింది. రేగుపండ్ల కన్నా పెద్ద రాళ్లు. అక్కకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. వాన సన్నబడగానే స్కూటర్ తీశాను. దారంతా పచ్చి ఆకు, విరిగిన కొమ్మలు.

అక్క వాళ్ల గల్లీలో కిరాణా కొట్టు ముందటి ప్లాస్టిక్ రేకు తూట్లు పడింది. దాని పక్కింట్లో కప్పు మీది బండలు రేకులతో సహా ఇంట్లోకి దిగాయి. ఆ ఇంటాయన వాకిట్లో నిలబడి "మేస్త్రీ, బరువు సరిపోలేదంటవా?" అని అడిగాడు. నేను స్కూటర్ ఆపలేదు.

అక్క వాకిట్లో రోకలి పడి ఉంది. రాళ్ల వాన మొదలవగానే రోకలి బయటికి విసిరితే వాన ఆగుతుందని మా అవ్వ చేసేది, అక్కా చేస్తుంది. రోకలి చుట్టూ రాళ్లు ఇంకా కరుగుతున్నాయి. తలుపు తెరిచి ఉంది. లోపల నుంచి గిన్నెల చప్పుడు వచ్చింది. అప్పుడు కప్పు చూశాను. ఒక్క రేకు కదలలేదు. ఒక్క నెర్రె లేదు. పాణం కుదుటపడింది. వెంటనే కోపం వచ్చింది, అది మల్లేశం కప్పు కదా.

మల్లేశం నాకన్నా ముందే వచ్చి నిచ్చెన మీద ఉన్నాడు. దిగి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ఎన్ని పోయినయ్ మల్లేశం?"

"ఒక్కటి పోలే మేస్త్రీ."

ఎత్తు పీట వేసుకుని అంచు మీదికి తొంగి చూశాను. జోడు నోరు తూర్పుకుంది. బోల్టులు ఉబ్బు మీదున్నాయి, గుంటలో బొక్కలు కొట్టిన పాత రేకులే లేవు. వేలితో వాషరు నొక్కితే పట్టు ఎంతుండాలో అంతే ఉంది. బండలు లేవు.

"ఇది నీ చెయ్యి కాదు," అన్నాను.

"చెయ్యి నాదే మేస్త్రీ, సతాయించుడు అక్కది. నువ్వొచ్చి తిట్టిపోంగనే నాకు ఫోన్ జేస్తది. ఏడాదికింత మార్పిచ్చింది. కింద నిలబడి ఒక్కో బోల్టుకు 'పావు సుట్టు ఎనుకకు తిప్పు' అంటది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమంటది. దిగేదాక నా ఫోన్ గుంజుకొని కొంగున కట్టుకుంటది. గింత పరేషాన్ చేసిన గిరాకీని నేను యాడ చూడలే. యాడ నేర్చుకున్నవే అక్కా అంటే, మా తమ్ముడు చెప్పిండు, ఆడు చెప్పినట్టు చెయ్యి అన్నది."

ఈ ఏడు కామునిపున్నమకు వచ్చినప్పుడు వెతికితే గాని తప్పు దొరకలేదన్న సంగతి అప్పుడు తట్టింది. నా కండ్లు మందగించాయని అనుకున్నాను గాని మల్లేశం కప్పు బాగుపడిందని అనుకోలేదు.

అక్క తువ్వాల తీసుకుని గడపలోకి వచ్చింది. "తల తుడుసుకో. ఫోన్ ఎక్కడ పెట్టిన్నో దొరుకలే, గా చప్పుడుకు వినబడలే."

నేను తువ్వాల అందుకోలేదు. "నా మాట నీకు పనికొచ్చింది. నేను పనికిరానా? ఈ ఊరోళ్లందరికీ మేస్త్రీని, నీకెందుకు కాకపోతి? ఇయ్యాల పిల్లి కాదు, గేటు కాదు. ఉన్న మాట చెప్పు."

అక్క వాకిట్లోకి దిగి రోకలి తీసింది. కొంగుతో తడి తుడిచి, గోడకు ఆనించింది. మల్లేశం ఫోన్ మోగింది. ఆమె వాడి దిక్కు చూస్తే కట్ చేశాడు. అప్పుడు చెప్పింది.

"నా పెండ్లయిన కొత్తల నువ్వు యాదగిరి మేస్త్రీ ఎంబడి ఈ ఇంటి పెంకులు సర్దనీకి వచ్చినవు. నీకు యాదికి లేదేమో, నాకు యాదికున్నది. పగటీలి బువ్వ తినే యాళ్లకు మా అత్త, పనోళ్లకు బయటనే పెట్టమన్నది. గా పనోళ్లల్ల నువ్వున్నవని ఆమెకెరుకే. మోదుగాకు ఇస్తారిల నీకు బువ్వేసింది నేను. నువ్వు తల వంచుకొని తిని, ఆకు తీసి, చెయ్యి కడుక్కొని మళ్ల నిచ్చెనెక్కినవు. గా పూట నేను తినలే. గప్పుడే అనుకున్న, ఈ ఇంటికి నువ్వు చుట్టమై రావాలె గని పనికి రావద్దని. ఇగ లోపటికి రా తమ్మీ, కంచం పెట్టిన."